1967 భారత రాష్ట్రపతి ఎన్నికలు

భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి ఎన్నికలు 1967 మే 6న జరిగాయి. మే 9న ఓట్ల లెక్కింపు జరిగింది. కాంగ్రెసు పార్టీ అభ్యర్థి, అప్పటి ఉపరాష్ట్రపతి జాకీర్ హుసేన్ 4,71,244 ఓట్ల విలువతో గెలుపొందాడు. కాంగ్రెసేతర పార్టీలు నిలబెట్టిన కోకా సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. నామినేషను వేయటానికి ముందు సుబ్బారావు భారత సర్వోన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నాడు. ఆ పదవిలో ఉన్న వ్యక్తి రాజీనామా చేసి నేరుగా రాష్ట్రపతి ఎన్నికలలో పోటీ చేయటం భారతదేశ చరిత్రలో ఇదొక్కసారే జరిగింది. అంతవరకు జరిగిన రాష్ట్రపతి ఎన్నికలలో అత్యంత గట్టి పోటీ కూడా ఇదే.

ప్రధాన అభ్యర్థులిద్దరూ నేటి తెలుగు రాష్ట్రాలలో జన్మించినవారే. జాకీర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులోను, సుబ్బారావు 1902 జూలై 15న రాజమండ్రిలోను జన్మించారు.

నేపథ్యం

1952, 1957, 1962 సంవత్సరాలలో జరిగిన మొదటి మూడు రాష్ట్రపతి ఎన్నికలలో ఫలితం ముందే తెలిసిపోయేది. 1952లో రాజేంద్ర ప్రసాద్‌కు 5,07,400 ఓట్లు రాగా, సమీప ప్రత్యర్థి కె.టి.షాకు 92,827 మాత్రమే వచ్చాయి. తరువాతి రెండు ఎన్నికలలో విజేతలకు నూటికి 98కి పైగా ఓట్లు లభించాయి. కేంద్రంలోను, దాదాపు అన్ని రాష్ట్రాలలోను కాంగ్రెసే అధికారంలో ఉండటం ఇందుకు కారణం.

1967 ఫిబ్రవరిలో జరిగిన నాలుగవ సాధారణ ఎన్నికలు ఈ పరిస్థితిని మార్చివేశాయి. లోక్‌సభలోని 520 స్థానాలలో కాంగ్రెసుకు 283 మాత్రమే దక్కాయి. మద్రాసు, కేరళ, పశ్చిమ బెంగాల్, బీహార్, ఒరిస్సా, పంజాబ్, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్ - ఈ ఎనిమిది రాష్ట్రాలలో ఆ పార్టీకి మెజారిటీ రాలేదు. పార్టీ అధ్యక్షుడు కామరాజ్ తన సొంత ఊరు విరుదునగర్‌లోనే ఓడిపోయాడు. ఆంధ్ర ప్రదేశ్‌లో మాత్రం 287 శాసనసభ స్థానాలకు గాను 165 గెలుచుకొని కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం నిలబడింది. రాష్ట్రపతిని ఎన్నుకునేది పార్లమెంటు సభ్యులు, రాష్ట్రాల శాసనసభ్యులే గనుక, కాంగ్రెసు అభ్యర్థి గెలుపు ఎలక్టోరల్ కాలేజిలోని స్వల్ప ఆధిక్యం మీద ఆధారపడింది. ఓటింగు రహస్యం. సొంత పార్టీవారిలో కొందరు ఎదురు తిరిగినా అది తారుమారయ్యే ప్రమాదం ఉండేది.

పదవీకాలం ముగుస్తున్న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణిలో, తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఆయనను మరల నిలబెట్టాలని కామరాజ్ భావించాడు. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ ఉపరాష్ట్రపతి జాకీర్ హుసేన్ వైపు మొగ్గింది. 1967 గణతంత్ర దినోత్సవ ప్రసంగంలో రాధాకృష్ణన్ ప్రభుత్వ నిర్వహణా లోపాలను బహిరంగంగా విమర్శించి ఉన్నాడు. చివరకు ఆయన తప్పుకున్నాడు, జాకీర్ హుసేన్ కాంగ్రెసు అభ్యర్థి అయ్యాడు.

గోలక్‌నాథ్ తీర్పు

ఒక న్యాయమూర్తి పేరు ప్రతిపక్షాల దృష్టికి రావటానికి కారణం తెలియాలంటే 1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ కేసు తీర్పును చూడాలి. సాధారణ ఎన్నికల పోలింగు ముగిసి వారం కూడా కాకముందే ఈ తీర్పు వచ్చింది.

పంజాబులోని జలంధర్ ప్రాంతంలో గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాల పైచిలుకు సాగుభూమి ఉండేది. 1953 నాటి పంజాబ్ భూ కౌలు భద్రత చట్టం కింద అందులో చాలా భాగం మిగులు భూమిగా తేలింది. ఆ చట్టానికి రక్షణ కల్పించిన 17వ రాజ్యాంగ సవరణను ఆ కుటుంబం సవాలు చేసింది. పార్లమెంటు రాజ్యాంగంలోని ఏ భాగాన్నయినా, ప్రాథమిక హక్కులతో సహా, సవరించవచ్చునని 1951లో శంకరీ ప్రసాద్ కేసులోను, 1964లో సజ్జన్ సింగ్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పి ఉంది. పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈసారి 6-5 ఆధిక్యతతో ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. ప్రాథమిక హక్కులను హరించే లేదా కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ప్రకటించింది. ఐదుగురి తరపున తీర్పు వ్రాసినది సుబ్బారావు. ఎం.హిదయతుల్లా వేరుగా వ్రాసి అదే నిర్ణయానికి వచ్చాడు. అసమ్మతి తీర్పులలో ముఖ్యమైనది కె.ఎన్.వాంఛూ వ్రాసినది.

అయితే అప్పటివరకు జరిగిన భూసంస్కరణలు రద్దు కాలేదు. పాత సవరణలు చెల్లుతాయని, కొత్త నియమం ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందని సుబ్బారావు తేల్చాడు. కనుక గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు. పార్లమెంటుకు మాత్రం కట్టడి పడింది. భూసంస్కరణలు, ఆస్తిహక్కు అప్పటి రాజకీయాలలో కేంద్ర సమస్యలు కావటం వలన ఈ తీర్పును కొందరు పౌరహక్కులకు కోటగాను, మరికొందరు సంపన్నుల ఆస్తికి కోటగాను చూశారు. ప్రజా సోషలిస్టు పార్టీ సభ్యుడు నాథ్ పై పార్లమెంటు సవరణాధికారాన్ని పునరుద్ధరించటానికి 1967 ఏప్రిల్ 7న లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టాడు. నాలుగు రోజుల తరువాత ప్రధాన న్యాయమూర్తి రాజీనామా చేశాడు.

సుబ్బారావు అభ్యర్థిత్వం

కోకా సుబ్బారావు రాజమండ్రిలోను, మద్రాసు లా కాలేజీలోను చదువుకొని మద్రాసులో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.వి.రాజమన్నారు ఇతని బావమరిది. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత 1954 జూలైలో గుంటూరులో నెలకొల్పిన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఇతడే. అదే సంవత్సరం తిరుపతిలో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్‌గా కూడా వ్యవహరించాడు. 1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడటంతో హైకోర్టుతో పాటు హైదరాబాదుకు మారాడు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తిగా పదవి స్వీకరించాడు. ఆ పదవిని పొందిన మొదటి తెలుగువాడు ఇతడు. రెండవ వ్యక్తి ఎన్.వి.రమణ కోసం 2021 వరకు ఆగవలసి వచ్చింది.

ప్రభుత్వానికి వ్యతిరేకంగా పౌరుని పక్షం వహించే న్యాయమూర్తిగా ఇతనికి పేరుండేది. 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసు నిఘాను గురించి వ్రాసిన అసమ్మతి తీర్పులో, వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో అంతర్భాగమని పేర్కొన్నాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చివరకు ఆ దృక్పథాన్నే ఆమోదించింది. పాస్‌పోర్టు ఇవ్వటం ప్రభుత్వ ఇష్టానికి వదిలిపెట్టరాదని, విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పిన సత్వంత్ సింగ్ కేసు తీర్పు వెలువడినది 1967 ఏప్రిల్ 10న. అంటే రాజీనామాకు సరిగ్గా ఒకరోజు ముందు.

ఇతనిని ముందుకు తెచ్చిన పక్షాలలో స్వతంత్ర పార్టీ, భారతీయ జనసంఘ్ ముఖ్యమైనవి. 44 స్థానాలతో లోక్‌సభలో కాంగ్రెసు తరువాతి పెద్ద పార్టీగా అవతరించిన స్వతంత్ర పార్టీకి రాజాజీ, మినూ మసానీలతో పాటు ఆచార్య ఎన్.జి.రంగా ప్రముఖ నాయకుడు. పార్టీ వ్యవస్థాపక అధ్యక్షుడైన రంగా 1962 ఉపఎన్నికలో చిత్తూరు నుండి లోక్‌సభకు ఎన్నికైనవాడు. ఆస్తిహక్కు రక్షణ, ప్రభుత్వాధికారానికి పరిమితి ఆ పార్టీ మూల సూత్రాలు. గోలక్‌నాథ్ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి వారికి తగిన అభ్యర్థిగా కనిపించటంలో ఆశ్చర్యం లేదు.

1967 ఏప్రిల్ 11న సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశాడు. 65 ఏళ్ళు నిండి పదవీ విరమణ చేయటానికి అప్పటికి ఇంకా మూడు నెలలే ఉంది. రాజ్యాంగం 58వ అధికరణం ప్రకారం లాభదాయక పదవిలో ఉన్నవారు రాష్ట్రపతి ఎన్నికకు అనర్హులు. ఉపరాష్ట్రపతి, గవర్నరు, మంత్రి పదవులకు ఈ నిబంధన నుండి మినహాయింపు ఉంది గాని న్యాయమూర్తికి లేదు. అందువలన జాకీర్ హుసేన్ పదవిలో ఉంటూనే పోటీ చేయగలిగాడు, సుబ్బారావు పదవి వదులుకోవలసి వచ్చింది. న్యాయమూర్తి రాజీనామా లేఖను రాష్ట్రపతికే ఇవ్వాలి గనుక, ఏ పదవిని కోరుతున్నాడో ఆ పదవిలో ఉన్న రాధాకృష్ణన్‌కే ఆ లేఖ చేరింది. మరుసటి రోజు వాంఛూ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

విమర్శలు

ఈ నిర్ణయం చట్టవిరుద్ధం కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు దేశంలోని ఏ న్యాయస్థానంలోనూ వాదించరాదని రాజ్యాంగం 124వ అధికరణం చెబుతుంది. ఎన్నికలలో పోటీ చేయరాదని ఎక్కడా లేదు. పదవీ విరమణ తరువాత న్యాయమూర్తులు కార్యనిర్వాహక పదవులు చేపట్టకుండా నిషేధించాలని రాజ్యాంగ సభలో కె.టి.షా ప్రతిపాదించగా, న్యాయస్థానాల ముందుకు వచ్చే వివాదాలలో ప్రభుత్వానికి ఉండే ప్రమేయం స్వల్పమేనన్న కారణంతో అంబేద్కర్ అంగీకరించలేదు. (ఈ షాయే 1952లో రాజేంద్ర ప్రసాద్ మీద పోటీ చేసి ఓడిపోయాడు.) 1967 నాటికి అంబేద్కర్ ఊహ నిలబడే పరిస్థితి లేదు. సుప్రీంకోర్టు ముందున్న ప్రధాన వివాదాలు చాలావరకు ప్రభుత్వంతోనే. ఎం.సి.సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లో ఇచ్చిన 14వ నివేదికలో, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు విరమణ తరువాత ప్రభుత్వోద్యోగాలు స్వీకరించకుండా నిషేధం ఉండాలని సిఫారసు చేసింది. ప్రభుత్వాలు దానిని అమలు చేయలేదు. ఆ సిఫారసును అమలు చేసినా సుబ్బారావుకు వర్తించేది కాదు. రాష్ట్రపతి పదవి ప్రభుత్వం ఇచ్చే ఉద్యోగం కాదు, ప్రభుత్వ అభ్యర్థిని ఓడించి పొందవలసినది.

విమర్శ నైతికమైనది. పార్లమెంటు అధికారాన్ని ఒక్క ఓటు తేడాతో కుదించిన న్యాయమూర్తి, ఆరు వారాల తరువాత ఆ తీర్పును హర్షించిన పార్టీల అభ్యర్థి కావటంతో, తీర్పు వ్రాసేనాటికే అతని మనసులో ఏముందన్న ప్రశ్న తలెత్తింది. సమర్థించినవారి వాదన వేరు. గోలక్‌నాథ్ తీర్పులోని భావాలు కొత్తవి కావు, సుబ్బారావు ఏళ్ళ తరబడి తీర్పులలో వ్యక్తపరచినవే. పైగా రాష్ట్రపతి రాజ్యాంగ సంరక్షకుడే గాని పార్టీ నాయకుడు కాడు. ఈ రెండవ వాదనలో ఒక చిక్కు ఉంది. పార్టీల మద్దతు లేకుండా ఆ పదవికి గట్టి పోటీ ఇవ్వటం ఎవరికీ సాధ్యం కాదు.

న్యాయమూర్తులను ఓటర్లే ఎన్నుకునే దేశాలలో ఈ ప్రశ్న మరోలా ఉంటుంది. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో రాష్ట్ర సుప్రీంకోర్టు స్థానాలకు ఎన్నికలు జరుగుతాయి. 2024 నవంబరులో ఉత్తర కరోలినా సుప్రీంకోర్టులోని ఒక స్థానానికి జరిగిన ఎన్నికలో 55 లక్షలకు పైగా ఓట్లు పోలవగా, అలిసన్ రిగ్స్ 734 ఓట్ల తేడాతో జెఫర్సన్ గ్రిఫిన్ మీద నెగ్గింది. వేలాది ఓట్లను సవాలు చేస్తూ గ్రిఫిన్ వేసిన కేసులు ఆరు నెలలు నడిచి, 2025 మేలో అతడు ఓటమిని అంగీకరించటంతో ముగిశాయి. అక్కడ న్యాయమూర్తి పార్టీ గుర్తింపు బ్యాలెట్ మీదనే ఉంటుంది. భారతదేశంలో న్యాయమూర్తులను రాష్ట్రపతి నియమిస్తాడు. వారు ఎన్నికలకు అతీతులన్న నమ్మకం మీదనే కోర్టు తీర్పులకు గౌరవం. 1967 విమర్శలకు మూలం ఇదే.

పోటీ తీరు

ప్రచారంలో రెండు ప్రశ్నలు ముందుకు వచ్చాయి. మొదటిది కాంగ్రెసు గుత్తాధిపత్యానికి గండి పడిన తరుణంలో రాష్ట్రపతి భవనంలో ఎవరుండాలన్నది. ఏ పార్టీకీ మెజారిటీ లేని రాష్ట్రాలలో గవర్నర్ల నిర్ణయాలు, రాష్ట్రపతి పాలన అప్పటికే వివాదాస్పదంగా మారుతున్నాయి. రెండవది లౌకికవాదానికి సంబంధించినది. అంతవరకు ముస్లిములెవరూ రాష్ట్రపతి కాలేదు. దేశ విభజన జరిగి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. జాకీర్ హుసేన్ జామియా మిలియా ఇస్లామియాకు 1926 నుండి 1948 వరకు వైస్ ఛాన్సలర్‌గా, తరువాత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా, 1957 నుండి 1962 వరకు బీహార్ గవర్నరుగా పనిచేసి, 1963లో భారతరత్న పొందిన విద్యావేత్త. ఆయన ఓడిపోతే అది ఒక వ్యక్తి ఓటమిగా కాక దేశ స్వభావం మీద తీర్పుగా కనిపిస్తుందన్న భయం కాంగ్రెసు వెలుపల కూడా ఉండేది. సుబ్బారావుకు మద్దతిచ్చిన పార్టీలకు ఇది ఇబ్బందికరమైన విషయం.

ఓట్ల విలువ

రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లందరి ఓట్లకు ఒకే విలువ ఉండదు. రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదానిని వెయ్యితో భాగిస్తే ఆ రాష్ట్ర శాసనసభ్యుని ఓటు విలువ వస్తుంది. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్ర ప్రదేశ్ జనాభా 3,59,83,447, శాసనసభ స్థానాలు 287. కనుక 1967లో ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ 125, రాష్ట్రం మొత్తం విలువ 35,875. ఉత్తర ప్రదేశ్ సభ్యుని ఓటు విలువ 174. అన్ని రాష్ట్రాల మొత్తాన్ని పార్లమెంటు సభ్యుల సంఖ్యతో భాగించగా ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటుకు 576 విలువ వచ్చింది. గెలవాలంటే చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగానికి మించి రావాలి.

ఫలితం

చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,38,048. జాకీర్ హుసేన్‌కు 56.2 శాతం, సుబ్బారావుకు 43.4 శాతం వచ్చాయి. తేడా 1,07,273. మొదటి ప్రాధాన్యత ఓట్లతోనే సగం దాటటం వలన రెండవ ప్రాధాన్యత ఓట్లను లెక్కించవలసిన అవసరం రాలేదు. సుమారు 94 మంది పార్లమెంటు సభ్యులు అటు నుండి ఇటు మారి ఉంటే సుబ్బారావు ముందుండేవాడు. కాంగ్రెసు భయపడినంత దగ్గరగా ఫలితం రాలేదు గాని, అంతకు ముందు ఏ విజేతకూ ఇంత తక్కువ శాతం రాలేదు.

మొత్తం 17 మంది పోటీ చేశారు. ఖూబీ రామ్‌కు 1,369, యమునా ప్రసాద్ త్రిశూలియాకు 750 వచ్చాయి. మరి నలుగురికి కొద్దిపాటి ఓట్లు రాగా, తొమ్మిది మందికి ఒక్క ఓటు కూడా రాలేదు. 1962లో 6,341 తెచ్చుకొన్న చౌదరి హరి రామ్ వారిలో ఒకడు. నామినేషను పత్రం మీద ఎలక్టోరల్ కాలేజి సభ్యులిద్దరు, ఒకరు ప్రతిపాదిస్తూ మరొకరు బలపరుస్తూ, సంతకం చేయాలి. అంటే ఈ తొమ్మిది మందికి సంతకం చేసినవారు కూడా ఓటు వేయలేదన్నమాట.

అదే రోజు ఉపరాష్ట్రపతి ఎన్నిక కూడా జరిగింది. బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి 483 ఓట్లు పొంది, 193 ఓట్లు వచ్చిన మహమ్మద్ హబీబ్ మీద గెలిచాడు.

1967 మే 13న జాకీర్ హుసేన్ పదవీ స్వీకారం చేశాడు. గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావుతో విభేదించిన వాంఛూ, ప్రధాన న్యాయమూర్తి హోదాలో ప్రమాణం చేయించాడు.

సుప్రీంకోర్టులో వివాదం

రాష్ట్రపతి ఎన్నిక గురించిన వివాదాలను విచారించే అధికారం 71వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టుదే. పత్రికా సంపాదకుడు, లోక్‌సభ సభ్యుడు బాబూరావు పటేల్ తదితరులు జాకీర్ హుసేన్ ఎన్నిక చెల్లదంటూ పిటిషన్లు వేశారు. ప్రధానమంత్రి, ఇతర కాంగ్రెసు నాయకులు ఓటర్లకు చేసిన విజ్ఞప్తులు అనుచిత ప్రభావం కిందికి వస్తాయన్నది వారి వాదనలలో ఒకటి. కోర్టు దీనిని అంగీకరించక పిటిషన్లను కొట్టివేసింది. ఓడిన అభ్యర్థి కొద్ది నెలల ముందు వరకు అధిపతిగా ఉన్న న్యాయస్థానమే గెలిచిన అభ్యర్థి ఎన్నికను ధ్రువీకరించింది.

తరువాతి పరిణామాలు

జాకీర్ హుసేన్ పదవిలో ఉండగానే 1969 మే 3న మరణించాడు. ఆ సంవత్సరం ఆగస్టులో జరిగిన ఎన్నిక 1967 నాటి పోటీని మించిపోయింది. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డికి, స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరికి మధ్య పోటీలో రెండవ ప్రాధాన్యత ఓట్లు లెక్కించవలసి వచ్చింది. చివరకు గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఈ ఎన్నిక మీద కూడా సుప్రీంకోర్టులో కేసు నడిచింది. గిరి స్వయంగా హాజరై సాక్ష్యమిచ్చాడు.

గెలిచే అవకాశం లేని అభ్యర్థులు పెరిగిపోవటం, తేలికగా కేసులు వేయటం చూసి పార్లమెంటు 1974లో చట్టాన్ని సవరించింది. పదిమంది ప్రతిపాదించి, పదిమంది బలపరచాలని, 2,500 రూపాయల ధరావతు చెల్లించాలని నిబంధన వచ్చింది. 1997లో ఈ సంఖ్యలను యాభై చొప్పున, ధరావతును 15,000 రూపాయలకు పెంచారు.

గోలక్‌నాథ్ తీర్పును అధిగమించటానికి 1971లో 24వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్ తీర్పును త్రోసిపుచ్చింది. అయితే రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని చెప్పి, సుబ్బారావు గీసిన గీతను మరోచోట గీసింది.

సుబ్బారావు 1976 మే 6న, తాను పోటీ చేసిన ఎన్నికకు సరిగ్గా తొమ్మిదేళ్ళకు, అత్యవసర పరిస్థితి కాలంలో మరణించాడు. అంతకు ఎనిమిది రోజుల ముందే, నిర్బంధంలో ఉన్నవారికి హెబియస్ కార్పస్ పిటిషను వేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 4-1 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. ఆ కేసులో ఏకైక అసమ్మతి తీర్పు వ్రాసిన హెచ్.ఆర్.ఖన్నా 1982లో ప్రతిపక్షాల రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిచి 2,82,685 ఓట్లు తెచ్చుకొని జైల్ సింగ్ చేతిలో ఓడిపోయాడు. 1987లో వి.ఆర్.కృష్ణయ్యర్‌కు ఆర్.వెంకట్రామన్ మీద 2,81,550 వచ్చాయి. గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావుతో ఏకీభవించిన హిదయతుల్లా మాత్రం 1979లో పోటీ లేకుండానే ఉపరాష్ట్రపతి అయ్యాడు. 2025 సెప్టెంబరు 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణకు చెందిన మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి బి.సుదర్శన్ రెడ్డి ప్రతిపక్షాల అభ్యర్థిగా 300 ఓట్లు పొంది, 452 ఓట్లు వచ్చిన సి.పి.రాధాకృష్ణన్ చేతిలో ఓడిపోయాడు. వీరంతా న్యాయమూర్తి పదవి ముగిసిన కొన్నేళ్ళ తరువాత పోటీ చేసినవారు. రాష్ట్రపతి ఎన్నికలలో ఓడిన న్యాయమూర్తులలో నూటికి నలభైకి పైగా ఓట్లు తెచ్చుకున్నది సుబ్బారావు ఒక్కడే.